ఇనుప గాల్ఫు కర్ర: కమ్మరి కొలిమి నుండి మైనపు అచ్చు వరకు

ఆటవస్తువుల చరిత్రను శాస్త్ర చరిత్రలో భాగముగా లెక్కించుట మనకు అలవాటు లేదు. ఆవిరి యంత్రము, విద్యుద్దీపము, విమానము - వీటి కథలు పాఠ్యగ్రంథాలలో ఉంటాయి; బంతి, కర్ర మాత్రము వ్యాయామ ఉపాధ్యాయుని అలమారులోనే ఉండిపోతాయి. కాని ఒక పనిముట్టు అయిదు శతాబ్దాలపాటు వాడుకలో ఉండి, ప్రతి తరములోను కొత్త లోహాన్ని, కొత్త ఆకారాన్ని, కొత్త లెక్కను స్వీకరించినదంటే అందులో భౌతిక శాస్త్రము, లోహ శాస్త్రము, చేతిపని మూడూ కలిసి ఉంటాయి. గాల్ఫు ఆటలో వాడే ఇనుప కర్ర అటువంటి పనిముట్టు. దానికి తలగా ఉండే లోహపు ముక్క ఎట్లా పుట్టినది, ఎట్లా మారినది, ఆ మార్పులకు కారణాలేవి అన్నది ఈ వ్యాసములో చూద్దాము.

ముందుగా ఆట సంగతి రెండు మాటలు. విశాలమైన పచ్చికబయలులో, కదలకుండా ఉన్న చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరముగా ఉన్న ఒక గుంటలో వేయవలెను. గుంట వ్యాసము నాలుగుంపావు అంగుళాలు. ఎవరు తక్కువ దెబ్బలతో వేస్తారో వారిది గెలుపు. బంతి బరువు సుమారు 46 గ్రాములకు మించరాదు, వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. దూరము పోవలసినప్పుడు ఒక కర్ర, ఎత్తుగా లేచి మెత్తగా దిగవలసినప్పుడు మరొక కర్ర - ఇట్లా ఆటగాడు తన వెంట అనేకమైన కర్రలు తీసుకొని పోతాడు. వీటిలో లోహపు పలక వంటి తల ఉన్న వాటిని ఇనుప కర్రలంటారు. ఆ తలలో మనము గమనించవలసిన భాగాలు నాలుగు: బంతికి తగిలే ముఖము, నేలను రాసుకొనే అడుగు, వెనుక వైపు వీపు, కామ దూర్చే గొట్టము. ముఖము నిలువు నుండి ఎంత వెనుకకు వాలి ఉన్నదో ఆ కోణాన్ని వాలు అందాము. ఈ చరిత్ర అంతటిలోను ముఖ్యపాత్ర ఈ వాలుది, ఆ లోహపు బరువుది.

ఈకల బంతి కాలము

గాల్ఫు పుట్టినిల్లు స్కాట్లండు. 1457లో ఆ దేశపు శాసనసభ ఈ ఆటను నిషేధించినది. యువకులు విలువిద్య నేర్చుకోవటం మాని బంతి వెంట తిరుగుచున్నారని ప్రభుత్వము బాధ. అంటే ఆనాటికే ఆట ఎంతగా వ్యాపించినదో ఊహించవచ్చును. బ్రిటిషు దీవుల వెలుపల మొదటి గాల్ఫు క్లబ్బు మన దేశములోనే, 1829లో, కలకత్తాలో ఏర్పడినది.

ఆ రోజులలో బంతిని తోలుతో కుట్టేవారు. తడి తోలు సంచిలో, ఉడికించిన ఈకలను ఇనుప కడ్డీతో కూరి కూరి నింపి మూతి కుట్టివేసేవారు. ఆరేటప్పుడు తోలు ముడుచుకుంటుంది, లోపలి ఈకలు ఉబ్బుతాయి. ఈ రెండింటి ఒత్తిడివలన బంతి గట్టి రాయివలె తయారయ్యేది. నేర్పరియైన పనివాడు కూడ రోజుకు మూడు నాలుగు బంతుల కంటె చేయలేకపోయేవాడు. అందుచేత ఒక్కొక్క బంతి ఖరీదు ఒక కర్ర ఖరీదును మించిపోయేది.

ఇంత విలువగల తోలుబంతిని ఇనుముతో కొడితే ఏమవుతుంది? అంచు తగిలిన చోట కుట్టు తెగి ఈకలు బయటకు వస్తాయి. కనుక కర్రలన్నిటికీ చెక్క తలలే ఉండేవి. ఇనుప తల అత్యవసరమైనప్పుడు మాత్రమే బయటకు వచ్చేది. బంతి బండిచాలులో పడితే పొడవైన చెక్కతల అందులో దూరదు. దూరినా రాతికి తగిలి చీలిపోతుంది. అటువంటి చోట వాడుటకు చిన్న ముఖము, మందమైన లోహము గల బరువైన కర్రను ఊరి కమ్మరితో చేయించుకొనేవారు. గుర్రపు లాడములు, నాగటి కర్రులు చేసే చేతులే దీనినీ చేసేవి. దాని ఆకారము కూడ అట్లాగే మోటుగా ఉండేది. ఆనాటి ఇనుప కర్ర బంతిని చక్కగా పంపే సాధనము కాదు, ఆపదలో నుండి బయటకు లాగే గునపము వంటిది.

చెట్టుపాలతో వచ్చిన మార్పు

ఇనుప తల తలరాతను మార్చినది ఇనుము కాదు, ఒక చెట్టుపాలు. మలయా ప్రాంతపు అడవులలో పెరిగే ఒక జాతి చెట్టు నుండి గట్టా పెర్చా అనే జిగురు వస్తుంది. 1843లో సింగపూరులో వైద్యుడుగా ఉన్న మాంట్‌గోమరీ దాని నమూనాలను లండనుకు పంపినాడు. వేడినీటిలో వేస్తే ఇది మైనమువలె మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. నీరు చొరదు, విద్యుత్తు పారదు. ఈ గుణాలవలననే సముద్రగర్భములో వేసే తంతి తీగలకు దీనిని తొడుగుగా వాడినారు. మన తూర్పు దేశాల నుండి విష్ణు విగ్రహమొకటి సెంట్ ఆండ్రూస్ పట్టణానికి వచ్చినదనీ, దాని చుట్టూ రక్షణగా పెట్టిన గట్టా పెర్చాతో ఆ యింటి విద్యార్థి పేటర్సన్ మొదటి బంతిని చేసినాడనీ గాల్ఫు చరిత్రకారులు ఒక కథ చెప్పుతారు. కథ మాట ఎట్లున్నా, 1848 నాటికి గట్టా బంతి ఆటలోకి వచ్చినది.

దీనివలన ఈకల బంతి చేసేవారి వృత్తికి ముప్పు వచ్చినది. సెంట్ ఆండ్రూస్‌లో అలెన్ రాబర్ట్‌సన్ ఆనాటి మేటి ఆటగాడు. ఈకల బంతుల తయారీ అతని జీవనాధారము. టామ్ మారిస్ అతని వద్ద పనిచేసేవాడు. మారిస్ గట్టా బంతితో ఆడినాడన్న కారణముగా ఇద్దరికీ మాటలు పెరిగి, మారిస్ వేరే అంగడి పెట్టుకున్నాడు. కొంతకాలానికి రాబర్ట్‌సన్ కూడ కొత్త బంతిని అంగీకరింపక తప్పలేదు. బంతి చౌక అయినది. చితికితే వేడినీటిలో మెత్తపరచి మళ్ళీ అచ్చు పోసుకోవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, ఇనుప అంచు తగిలినా అది చీలదు.

ఇనుప కర్రకు ఇంతవరకు ఉన్న అడ్డు తొలగిపోయినది. పైగా గట్టా బంతి గట్టిది కావటముచేత పాత చెక్క తలలే పగులుటకు మొదలుపెట్టినవి. రాబర్ట్‌సన్ గుంటకు సమీపించే దెబ్బలకు ఇనుప కర్రను వాడి చూపినాడు. టామ్ మారిస్ కుమారుడు, 1868 నుండి నాలుగుసార్లు ఓపెన్ పోటీ గెలిచిన చిన్న టామ్ మారిస్, బండిచాలు కర్రతోనే బంతిని ఎత్తుగా లేపి, పడినచోటనే నిలుచునట్లు కొట్టేవాడు. గునపము వంటి కర్ర ఈ విధముగా నైపుణ్యానికి పనిముట్టు అయినది. నున్నని గట్టా బంతి సరిగా ఎగిరేది కాదు. ఇనుప దెబ్బలకు గాట్లు పడిన పాత బంతి బాగుగా ఎగిరేది. ఆటగాళ్ళు ఈ సంగతి కనిపెట్టిన తరువాత కొత్త బంతులకే సుత్తితో గాట్లు పెట్టుట ఆచారమైనది. నేటి బంతిమీద కనబడే గుంటలకు మూలము ఈ అనుభవమే.

కొలిమిలో తల తయారగు విధము

గిరాకీ పెరిగినకొద్దీ గాల్ఫు తలలనే వృత్తిగా చేసికొన్న కమ్మరులు బయలుదేరినారు. సెంట్ ఆండ్రూస్‌లో టామ్ స్టూవర్ట్, రాబర్ట్ కాండీ, లీవెన్ గ్రామములో జార్జి నికోల్ వీరిలో ప్రసిద్ధులు. ప్రతి కమ్మరి తన తలల వీపుమీద ఒక గుర్తు కొట్టేవాడు. స్టూవర్ట్ గుర్తు పొగగొట్టము, కాండీ గుర్తు గులాబి, నికోల్ గుర్తు అరచేయి. పాత కర్రలను సేకరించేవారు నేటికీ ఈ గుర్తులనుబట్టి వాటి వయస్సును, పుట్టుకను నిర్ణయిస్తారు.

పని ఈ విధముగా జరిగేది. మెత్తని ఇనుప కడ్డీని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలిమీద పెట్టి ఒక చివరను పలకగా సాగగొట్టేవారు. ఇది ముఖమవుతుంది. రెండవ చివరను పలుచని రేకుగా సాగదీసి, ఒక మొనకడ్డీ చుట్టూ చుట్టి, అంచులను తెల్లవేడిమిలో అతికేవారు. ఇది కామ దూరే గొట్టము. మన కమ్మరులు పార గొట్టాన్ని చేసే తీరును చూచినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. గొట్టము పైఅంచున రంపపు పళ్ళవలె గాట్లు పెట్టి, కామను బిగించి, అడ్డముగా రంధ్రము వేసి చీల దిగగొట్టేవారు. తరువాత మెడను వంచి వాలు సరిచేసి, ఆకురాయితో నునుపు చేసేవారు. వాలుకు కొలమానము కమ్మరి కన్నే.

దీని ఫలితమేమనగా, ఒకే కమ్మరి ఒకే రోజున చేసిన రెండు తలలు కూడ ఒకటిగా ఉండేవి కావు. కామకు వాడే హికరీ కలప కూడ చెట్టు చెట్టుకు, ముక్క ముక్కకు భిన్నముగా వంగేది, మెలితిరిగేది. ఆటగాడు అంగడిలో పదుల కొద్దీ కర్రలను ఆడించి చూచి, చేతికి నచ్చిన ఒకటి ఏరుకొనేవాడు. ఒక మంచి కట్ట సమకూరుటకు ఏండ్లు పట్టేది. అందుకే కర్రలకు అంకెలు లేవు, పేర్లుండేవి: తక్కువ వాలు గలది క్లీక్, మధ్యరకము మాషీ, ఎక్కువ వాలు గలది నిబ్లిక్. పేరు ఒకటే అయినా వాలు మాత్రము కమ్మరినిబట్టి మారేది. పందొమ్మిదవ శతాబ్ది చివరకు ఆవిరి సమ్మెటలు, ఉక్కు దిమ్మెలు వచ్చినవి. కాలిన కడ్డీని దిమ్మెల మధ్య పెట్టి ఒక్క పోటుతో ఆకారము తెప్పించుట సాధ్యమైనది. కమ్మరి చేతికి తుదిమెరుగు పని మాత్రమే మిగిలినది.

ఎడింబరో ఆచార్యుని లెక్కలు

ఇంతవరకు జరిగినదంతా అనుభవముమీద జరిగినదే. బంతి ఎందుకు అంతసేపు గాలిలో నిలుస్తుంది? ఈ ప్రశ్నను గణితముతో ఎదుర్కొన్నవాడు ఎడింబరో విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ఆచార్యుడు పీటర్ గత్రీ టైట్. ఆయన కుమారుడు ఫ్రెడరిక్ 1896లోను, 1898లోను బ్రిటిషు ఔత్సాహికుల పోటీలో విజేత; 1900లో దక్షిణాఫ్రికా యుద్ధములో మరణించినాడు.

గాలి నిరోధమును, గురుత్వమును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే బంతి ఆకాశములో ఉండే కాలము చాల తక్కువ అని వస్తుంది. నిజముగా అది చాలసేపు ఉంటుంది. కొన్నిసార్లు దాని మార్గము మొదట్లో పైకి వంపు తిరుగుతుంది. 1890లలో ప్రకటించిన పత్రాలలో టైట్ దీనికి కారణము చూపినాడు. బంతి ముందుకు పోవుచు వెనుకకు తిరుగుచుంటుంది. తిరిగే బంతి గాలిని క్రిందివైపుకు మళ్ళిస్తుంది. అందుకు ప్రతిచర్యగా గాలి బంతిని పైకి నెట్టుతుంది. తిరిగే వస్తువుమీద గాలి అడ్డముగా బలము చూపుతుందని జర్మనీలో మాగ్నస్ 1852లోనే పరిశోధించి ఉన్నాడు. టైట్ బంతికి పొడవైన నాడా కట్టి, కొట్టించి, నాడాలో పడిన మెలికలను లెక్కపెట్టి ఈ భ్రమణము నిజమేనని నిరూపించినాడు. ఎంత సులభమైన ప్రయోగము! ఎలక్ట్రానును కనిపెట్టిన జె. జె. థాంసన్ కూడ 1910లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గాల్ఫు బంతి గతిశాస్త్రముమీద ఉపన్యసించినాడు.

ఇక్కడ వాలు యొక్క రహస్యము బయటపడినది. వాలిన ముఖము బంతికి ఏటవాలుగా తగులుతుంది. ఆ దెబ్బలో ఒక భాగము బంతిని ముందుకు నెట్టుతుంది. ముఖము వెంబడి పనిచేసే ఘర్షణ బంతిని వెనుకకు త్రిప్పుతుంది. వాలు పెరిగినకొద్దీ వేగము తగ్గుతుంది, ఎత్తు, భ్రమణము పెరుగుతాయి. నేటి మధ్యరకపు ఇనుప కర్రతో నేర్పరి కొట్టిన బంతి నిమిషానికి సుమారు 7,000 సార్లు తిరుగుతుంది. అట్లా తిరుగుతూ దిగిన బంతి నేలను తాకగానే పరుగెత్తకుండా నిలిచిపోతుంది.

మరి ముఖముమీద కనబడే అడ్డగాడులు ఎందుకు? అవి బంతిని పట్టుకొని త్రిప్పుతాయని చాలమంది అనుకుంటారు. ముఖము, బంతి పొడిగా ఉంటే గాడుల ప్రభావము స్వల్పమే. పొడవైన గడ్డిలో బంతికి, లోహానికి నడుమ గడ్డిరసము, నీరు చిక్కుకొని జారుడు కలుగుతుంది. ఆ తడిని ప్రక్కకు తీసుకొనిపోవుటే గాడుల పని. వానరోజున మోటారు చక్రపు రబ్బరుమీది గాడులు చేసే పని ఇటువంటిదే.

ఉక్కు కామ, అంకెల వరుస

1898లో అమెరికాలో హాస్కెల్ అనే ఆయన రబ్బరు దారమును బిగించి చుట్టిన బంతిని రూపొందించినాడు. 1902లో శాండీ హెర్డ్ ఆ బంతితో ఓపెన్ పోటీ గెలిచిన పిమ్మట గట్టా బంతి కాలము ముగిసినది. మళ్ళీ బంతి మారినందున మళ్ళీ తల మారవలసి వచ్చినది. ఎక్కువగా ఎగిరి దుమికే ఈ బంతిని నిలుపుటకు ముఖములమీద లోతైన చాళ్ళు కోసినారు. 1921లో జాక్ హచిసన్ అటువంటి కర్రలతో ఓపెన్ పోటీ గెలిచినాడు. ఆ వెంటనే సెంట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బువారు లోతు చాళ్ళను నిషేధించినారు.

తరువాతి పెద్ద మార్పు కామలో వచ్చినది. చెక్క కామకు బదులు ఉక్కు గొట్టమును అమెరికాలో 1920ల మధ్యలోను, బ్రిటనులో 1929లోను అనుమతించినారు. ఉక్కు గొట్టము చెక్కవలె మెలితిరగదు; వేయి గొట్టాలు చేసినా ఒకే తీరుగా వంగుతాయి. అప్పుడే కర్రల కట్టను ఒక క్రమమైన శ్రేణిగా చేయుట సాధ్యమైనది. పేర్లు పోయి అంకెలు వచ్చినవి. ఒక అంకె నుండి మరొక అంకెకు వాలు సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది, కామ అర అంగుళము తగ్గుతుంది, తల బరువు సుమారు 7 గ్రాములు పెరుగుతుంది. కామ తగ్గితే తలను బరువు చేయుట ఎందుకు? పొట్టి కర్రను పొడుగు కర్రవలెనే చేతికి తోపించుటకు. దూరము తగ్గినప్పుడు ద్రవ్యరాశి పెంచవలెనన్నది తరాజు సూత్రమే గదా!

అంకెలు వచ్చిన తరువాత అంగడివారు అరకొర తేడాలతో మరిన్ని కర్రలు అమ్మినారు. కొందరు ఇరవైకి పైగా కర్రలను మోయించేవారు. దెబ్బను అదుపు చేయు నేర్పు బదులు కర్రల సంఖ్య పనిచేయుట మంచిది కాదని, 1938లో అమెరికా సంఘము, 1939లో బ్రిటిషు క్లబ్బు పదునాలుగు కర్రలకు మించి ఉండరాదని నియమము పెట్టినవి.

ఈ కాలములోనే ఇసుకగుంట కర్ర కూడ రూపుదిద్దుకున్నది. పదునైన అంచు గల నిబ్లిక్ ఇసుకలో గునపమువలె దిగబడిపోయేది. అమెరికా ఆటగాడు జీన్ సారజెన్, విమానపు తోక రెక్కలు కదిలినప్పుడు విమానము పైకి లేచుట గమనించి, నిబ్లిక్ అడుగున సీసము అతికి, వెనుక అంచు ముందు అంచుకంటె క్రిందుగా ఉండునట్లు చేసినాడు. ఆ అడుగు ఇసుకలో పడవ అడుగువలె జారి పైకి లేస్తుంది. 1932లో ఆయన ఓపెన్ పోటీ గెలిచినది ఈ కర్ర సంచిలో ఉండగానే.

బరువు ఎక్కడ ఉండవలెను?

ఇంతవరకు వచ్చిన తలలన్నిటిలో లోహము ముఖము వెనుక దాదాపు ఒకే మందముగానో, నడుమ మరింత మందముగానో ఉండేది. బంతి తగిలే చోట లోహము ఎక్కువ ఉండుట సహజమని అందరూ తలచినారు. ఈ ఊహను తలక్రిందులు చేసినవాడు కార్‌స్టెన్ సోల్‌హైమ్. ఆయన 1911లో నార్వేలో పుట్టి, చిన్నతనములో అమెరికాకు వచ్చినవాడు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరు. గుంటలోనికి బంతిని దొర్లించుట ఆయనకు కుదరలేదు. తప్పు తనదా, కర్రదా అని ఆలోచించి, 1959లో తల రెండు కొనలందు బరువు ఉంచి, నడుమ తేలికగా ఉన్న కర్రను తన మోటారు కొట్టములో తయారుచేసినాడు. బంతికి తగిలినప్పుడు అది చేసిన శబ్దమునుబట్టి దానికి పింగ్ అని పేరు పెట్టినాడు. 1960లలో ఇదే సూత్రాన్ని ఇనుప కర్రలకు అన్వయించినాడు. తల వీపును గుంటగా తొలిచి, ఆ లోహమును చుట్టూ అంచులకు తరలించినాడు.

దీనిలోని భౌతికశాస్త్రము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందునదే. బంతిని తల గరిమనాభికి ఎదురుగా కొడితే తల తిరగదు. ఒక సెంటీమీటరు ప్రక్కగా తగిలితే తల మెలితిరిగి, బంతి వంకరగా పోతుంది, వేగము నష్టమవుతుంది. ఈ మెలితిరుగుటను అడ్డగించే గుణమును జడత్వ భ్రామకము అంటారు. అది ద్రవ్యరాశిమీద, దూరపు వర్గముమీద ఆధారపడి ఉంటుంది. 240 గ్రాముల తలను రెండు 120 గ్రాముల ముద్దలుగా ఊహించండి. ముద్దలు నడిమి నుండి 1.5 సెంటీమీటర్ల దూరాన ఉంటే జడత్వ భ్రామకము 540. దూరము 3 సెంటీమీటర్లయితే 2,160 - గ్రాము, సెంటీమీటరు మానములలో. బరువు ఒక్క గ్రాము పెరగలేదు. మెలిని ఎదిరించే శక్తి నాలుగింతలైనది.

బంతి, తల కలిసి ఉండే కాలము క్షణములో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ కాలములో 46 గ్రాముల బంతి సెకనుకు 50 మీటర్ల వేగము పొందితే సగటు బలము 4,600 న్యూటనులు; అంటే 470 కిలోల బరువుకు సమానము. అది సెంటీమీటరు ప్రక్కగా తగిలినప్పుడు పైన చెప్పిన మొదటి ఊహాతల, బంతి విడిపోవులోగా, సుమారు 6 డిగ్రీలు తిరుగుతుంది. రెండవది ఒకటిన్నర డిగ్రీలు మాత్రమే. నిజమైన తలల మధ్య తేడా ఇంత పెద్దది కాదు, ఏలనంటే పాత తలలోని లోహము కూడ కొంత పరచుకొనే ఉంటుంది. కాని మార్పు దిశ ఇదే. ఆ స్వల్పకాలములో ఆటగాని చేయి చేయగలిగినది ఏమీ లేదు. దెబ్బ తగిలిన వార్త మెదడుకు చేరులోగానే బంతి వెళ్ళిపోతుంది. కనుక పొరపాటును సరిదిద్దే పని తల ఆకారమే చేయవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. అడుగు బద్దకు నడుమ దగ్గరగా రెండు సమానమైన మట్టిముద్దలు అంటించి, బద్దను నడుమ పట్టుకొని గబగబ అటూ ఇటూ త్రిప్పండి. తరువాత అవే ముద్దలను రెండు కొనలకు జరిపి త్రిప్పండి. బరువు మారకపోయినా చేతికి ఎంత తేడా తెలుస్తుందో విద్యార్థులే చెప్పుతారు.

మైనపు అచ్చు

గుంటవీపు తలను కొలిమిలోను, దిమ్మెల మధ్యను సాగగొట్టి తెప్పించుట కష్టము. లోపలికి తిరిగిన అంచులనుండి దిమ్మె ఊడిరాదు. ఇందుకు సోల్‌హైమ్ ఎన్నుకున్నది మైనపు అచ్చు పోత. 1969లో ఆయన కంపెనీ ఈ పద్ధతిలో పోసిన ఇనుప కర్రల కట్టను విడుదల చేసినది. లోహము తుప్పుపట్టని ఉక్కు. అందులో సుమారు 17 పాళ్ళు క్రోమియము, 4 పాళ్ళు నికెలు ఉంటాయి.

ముందుగా లోహపు మూసలో మైనము పోసి తల నమూనాను తీస్తారు. అటువంటి నమూనాలను అనేకము ఒక మైనపు కాండానికి కొమ్మలవలె అతికి, మెత్తని మట్టిద్రవములో ముంచి, ఇసుక చల్లి ఆరబెడతారు. ఇట్లా పలుమార్లు చేయగా గట్టి పెంకు ఏర్పడుతుంది. వేడిచేస్తే మైనము కరిగి కారిపోతుంది. ఖాళీ పెంకును బట్టీలో కాల్చి, కరిగిన ఉక్కును పోస్తారు. చల్లారిన తరువాత పెంకును పగులగొట్టి తలలను కోసి తీస్తారు.

ఈ పద్ధతి మన దేశానికి కొత్తది కాదు. మన శిల్పశాస్త్రాలు దీనినే మధూచ్ఛిష్ట విధానమన్నవి, మధూచ్ఛిష్టమనగా మైనము. నాలుగువేల సంవత్సరాలకు పైబడిన మొహెంజొదారో నర్తకి కంచు బొమ్మ ఈ విధముగా పోసినదే. ఆదిలాబాదు ప్రాంతపు ఓజా పనివారు మట్టి ముద్దమీద మైనపు తీగలు చుట్టి, పైన మట్టి కప్పి, మైనము కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోసి బొమ్మలను, దీపాలను, గంటలను నేటికీ చేయుచున్నారు. ఒక భేదము మాత్రము గమనింపదగినది. ఓజా పనివాని మైనము చేతితో తీర్చినది. అది కరిగిపోయిన పిమ్మట మరల రాదు, అందుచేత ఏ రెండు బొమ్మలూ ఒకటిగా ఉండవు. కర్మాగారములో మైనము కూడ మూసలోనే పుట్టుతుంది కనుక ప్రతి తల మరొకదానికి నకలు. సూత్రము ఒకటే; ఒకచోట అది వైవిధ్యాన్ని, మరొకచోట ఏకరూపతను ఇచ్చినది.

నియమము, నైపుణ్యము

కొత్త తలలు అందరికీ నచ్చలేదు. సాగగొట్టిన తల చేతికి మెత్తగా తోస్తుందని, పోతతల మొద్దుగా ఉంటుందని అనుభవజ్ఞులు కొందరు అన్నారు. నిజానికి బంతి ఈ రెండు లోహాలకంటెను ఎంతో మెత్తనిది. దెబ్బలో నొక్కుకొనేది బంతే. చేతికి తోచే తేడాలో తల ఆకారానికి, దాని శబ్దానికి పెద్ద భాగమున్నది. ఆ తోపింపు కోసమే నేటికీ నిపుణులలో కొందరు సాగగొట్టిన పలుచని తలలను వాడుచున్నారు. అనుభవము లేనివారికి మాత్రము గుంటవీపు తల గొప్ప సహాయము. నేర్పరి పదిలో తొమ్మిదిసార్లు గరిమనాభికి దగ్గరగా కొట్టగలడు, కొత్తవాడు కొట్టలేడు. కనుక ఈ మార్పు ప్రయోజనము ఎక్కువ భాగము సామాన్యునికే చెందినది.

గాడుల విషయములో తగవు కోర్టుల దాకా పోయినది. పోతపద్ధతిలో గాడులను నిలువు గోడలతో తీయుట సులభము. 1984లో అటువంటి గాడులకు అనుమతి వచ్చినది. తరువాత సోల్‌హైమ్ కంపెనీ గాడుల మధ్య ఎడము నియమానికి తగ్గినదని అమెరికా సంఘము తీర్పు చెప్పినది. కొలత ఎక్కడ నుండి ఎక్కడికి అన్నదే వివాదము: అంచును గుండ్రము చేసినప్పుడు గాడి ఎక్కడ మొదలైనట్లు? 1990లో రాజీ కుదిరి, అంతకు ముందు చేసిన కర్రలను వాడుకోనిచ్చినారు. 2010లో అగ్రశ్రేణి పోటీలలో గాడుల అంచు పదునును, పరిమాణాన్ని తగ్గిస్తూ కొత్త నియమము వచ్చినప్పుడు, ఆ పాత రాజీని ఆధారము చేసికొని కొందరు ఇరవై ఏండ్లనాటి కర్రలను మళ్ళీ బయటకు తీసినారు. అదే సంవత్సరము కంపెనీ తన హక్కును వదులుకొనగా ఆ దారి మూతపడినది. గడ్డిలో పడిన బంతిని కూడ గాడులు సులభముగా నిలుపుతూంటే, సూటిగా కొట్టినవానికి దక్కవలసిన లాభము తగ్గిపోతుందన్నది ఈ నియమము వెనుకనున్న వాదము.

ఇనుప తల చరిత్రలో రెండు శక్తులు కనబడుతున్నవి. ఒకటి పదార్థము. తోలు బంతి ఉన్నంతకాలము ఇనుము దూరముగా ఉన్నది. చెట్టుపాల బంతి దానిని ఆటలోకి పిలిచినది. రబ్బరు బంతి గాడులను, ఉక్కు కామ అంకెలను, మైనపు పోత గుంటవీపును తెచ్చినవి. రెండవది మనుష్యులు చేసికొనే ఒప్పందము. పదునాలుగు కర్రలు చాలునన్నది, గాడి ఇంతకు మించరాదన్నది ప్రకృతి నియమాలు కావు. భౌతికశాస్త్రము ఏది సాధ్యమో చెప్పగలదు. ఎంతవరకు పనిముట్టు ఆడవలెను, ఎంతవరకు మనిషి ఆడవలెను అన్నది ఆడేవారే తేల్చుకోవలెను.

మన విద్యార్థులలో గాల్ఫు మైదానమును చూచినవారు కొద్దిమందే ఉంటారు. అయినా క్రికెట్టు బ్యాటు అడుగున చెక్క మందముగా ఎందుకుంటుంది, గొడ్డలి తలకు, కామకు మధ్య నిష్పత్తి ఎట్లా కుదిరినది, సుత్తి కొన ప్రక్కగా తగిలితే చేతికి ఎందుకు అదురుతుంది అన్న ప్రశ్నలకు సమాధానములు ఈ సూత్రాలలోనే ఉన్నవి. తమ ఊరి కమ్మరి కొలిమి దగ్గర, వడ్రంగి అంగడిలో ఈ ప్రశ్నలు అడిగి, బరువు ఎక్కడ ఉంచినారో, ఎందుకు ఉంచినారో విద్యార్థులు కనుగొంటే, జడత్వ భ్రామకము అన్న మాటను కంఠస్థము చేయవలసిన అవసరము వారికి ఉండదు.